అమ్మ కాగితంలో లేని లైను

నంద్యాల రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచలో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. కాగితాల మీద మమ్మల్ని దస్తావేజు లేఖరి అంటారు, జనం మాత్రం రైటరు అంటారు. పొలం, ఇల్లు, దొడ్డి, బావిలో సగం నీళ్ళు, చింతచెట్టులో మూడో వంతు కాయలు, ఏది ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మారాలన్నా నా లాంటివాడి కలం కిందుగా పోవలసిందే. ఇది గొప్పకు చెప్పడం లేదు అనను. కొంచెం గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్ప ఏ గంగలో కలిసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా పనిలో ఒక లైనుంది. ముసలివాళ్ళు తాము బతికుండగానే ఇల్లు పిల్లల పేరున రాసిచ్చేటప్పుడు, ఇచ్చినట్టు రాసేసిన తర్వాత, ఇంటి కొలతలు మొదలుపెట్టే ముందు దాన్ని చేర్చాలి. "సదరు ఇంటియందు నా జీవితాంతము నివసించుటకు నాకు హక్కు కలదు. నా జీవితకాలములో సదరు ఇంటిని అమ్ముటకు గాని తాకట్టు పెట్టుటకు గాని నీకు హక్కు లేదు." అంతే. కాగితం మీద లైనున్నర కూడా పట్టదు. మేము దాన్ని ముసలోళ్ళ లైను అనుకునేవాళ్ళం. అది లేకపోతే, వేలిముద్ర పడిన నిమిషం నుంచి ఆ ముసలి మనిషి తన ఇంట్లో తానే చుట్టం.

చాలామందికి ఆ లైనొకటి ఉందని తెలియదు. తెలిసినవాళ్ళకు అడగడానికి నామోషీ. కన్నకొడుకు పక్కన నిలబడి ఉండగా, నన్ను ఇంట్లో ఉండనిస్తానని రాయరా అని ఎట్లా అడుగుతారు? అందుకే వాళ్ళు అడగకుండానే నేను రాసేవాణ్ణి. ఒకసారి సిరివెళ్ల నుంచి ఒక పెద్దాయన ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ముసాయిదా చదివి వినిపిస్తే పెద్దకొడుక్కి ఆ లైను దగ్గర ముఖం మాడిపోయింది.

"ఏంది రైటరన్నా, మా నాయనను మేము బయటికి నూకుతామా?" అన్నాడు.

"నూకరులేప్పా. నూకేవాళ్ళయితే ఈ లైను రాసినా నూకుతారు. మీరు మంచోళ్ళని తెల్సే రాస్తాండా."

"తీసెయ్యన్నా. ఊళ్ళో ఎవురన్నా ఇంటే మా పరువు పోతాది."

"తీసేసేదుంటే ఇంకో రైటరు కాడికి పోండి. ఆడ తీసేసేటోళ్ళు శానామంది ఉండారు."

వాళ్ళు పోలేదు. లైను అట్లాగే ఉంది. ఆ రోజు అమ్మ నా పంచలోనే బల్ల మీద కూర్చుని ఉంది. నెలకొకసారి ఆళ్ళగడ్డ నుంచి కంటి ఆసుపత్రికి వచ్చేది. చూపించుకుని, తిరుగు బస్సుకు వేళయ్యేదాకా నా దగ్గర కూర్చునేది. మిషన్ బడిలో ఐదు దాకా చదివిన మనిషి. నేను చదివే దస్తావేజులన్నీ ప్రసంగం విన్నట్టు వినేది. ఏ ఊళ్ళో ఎవరి గోడ ఎవరిదో నాకంటే ఆమెకే ఎక్కువ గుర్తుండేది.

వాళ్ళు వెళ్ళిపోయాక అంది. "మంచి పని చేసినావురా చిన్నోడా. ఆ ముసలాయప్ప మొగం సూసినావా? లోపలికి వచ్చేటప్పుడు ఒక మాదిరి ఉండె, పొయ్యేటప్పుడు ఒక మాదిరి ఉండె."

నాకు ఛాతీ పొంగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికి బయల్దేరాను.

మాది ఆళ్ళగడ్డ. నాయన అక్కడి మిషన్ బడిలో పంతులు. నేను ఈ పంచలో కుదురుకున్న మూడో ఏడే పోయాడు. ఇల్లు మాత్రం నాయనది కాదు, అమ్మది. వాళ్ళమ్మ ఆమెకిచ్చిన ఇల్లు. రెండు గదులు, ముందు వసారా, వెనక చిన్న దొడ్డి, దొడ్లో ఒక రాతి రోలు. మా వీధికి రెండు సందుల అవతల శిల్పులు కొట్టే ఉలి చప్పుడు పొద్దంతా వినిపించేది. ఆ రోలును నాయన వాళ్ళ చేతనే చేయించాడు. నడిమింట్లో, తలుపు తీయగానే కనపడేట్టు, నాయన ఫోటో మేకుకు వేలాడేది. అమ్మ పొద్దున లేచి ముందు ఆ ఫోటో కిందే నిలబడి ప్రార్థన చేసుకునేది, తర్వాతే పొయ్యి దగ్గరికి పోయేది.

మేము ఇద్దరం కొడుకులం. అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. కె.సి. కాలువ కింద కొంత భూమి చేసుకుంటూ అమ్మతోనే ఆ ఇంట్లో ఉండేవాడు. నన్ను చదివించారు. నంద్యాలలో నేను ఇల్లు కట్టుకున్న స్థలం నాయన రిటైరైనప్పుడు వచ్చిన దాంతో కొన్నదే. కాబట్టి ఆళ్ళగడ్డ ఇల్లు అన్నకు పోవాలి. ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. ఇప్పటికీ నాకు అందులో రెండో మాట లేదు.

అది మట్టి మిద్దె. ప్రతి వానకూ ఎక్కడో ఒకచోట కారేది. అమ్మ గిన్నెలు పెట్టేది, అన్న మిద్దెక్కి మట్టి తొక్కేవాడు. ఎమర్జెన్సీకి ముందటి ఏడు అన్న అన్నాడు, మిద్దె తీసేసి ఇనుప దూలాలేసి బండలు పరిపిస్తానని. పెద్ద పని. అప్పుడు నేనే, అడగని పెద్దమనిషిని, నోరు తెరిచాను.

"అంత పని చేస్తాండావు, ఇల్లు అమ్మ పేర్న ఉండాది. ముందు నీ పేర్న రాయించుకో అన్నా. రేపు నాకు, నీకు మాట రాగూడదు."

"నీతో నాకు మాట ఏంటికి వస్తాదిరా?" అన్నాడు అన్న నవ్వుతూ. అయినా తమ్ముడు రైటరు కదా, తెలిసి చెబుతున్నాడు అనుకున్నాడు. అమ్మ కూడా సరే అంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక వసారాలో కూర్చుని ముసాయిదా రాశాను. అలవాటు ప్రకారం లైను కూడా రాశాను. చెయ్యే రాసింది, నేను ఆలోచించింది లేదు. భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. అన్న జొన్నరొట్టె తుంచుతూ వింటున్నాడు. ఆ లైను దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోసారి సదువు" అన్నాడు.

చదివాను.

"అంటే నేను అమ్మను బయటికి నూకుతానని రాసినావా?"

సిరివెళ్ల వాళ్ళకు చెప్పిన జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పి ఉంటే ఇప్పుడు ఇది రాసే పని లేదు. చెప్పలేదు. అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాయన పోయినప్పుడు నాకింకా పెళ్ళి కూడా కాలేదు. పెళ్ళి చేసింది అన్న, చెయ్యి పట్టుకుని ఇల్లు నిలబెట్టింది అన్న. తింటున్న అన్నం మీద నుంచి లేచిన మనిషి కాదు. ఆ రోజు సగం రొట్టె వదిలేసి లేచిపోయి, దొడ్లో ఎద్దుకు నీళ్ళు పెడుతూ నిలబడ్డాడు. ఎద్దు తాగడం అయిపోయినా అక్కడే నిలబడ్డాడు. వదిన నా వైపు చూసి తల దించుకుంది.

నాకు సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళను అనుమానించినట్టు సొంత అన్ననూ అనుమానించానే, ఈ కలం పట్టి పట్టి నా బుద్ధి ఇంత కుచ్చితమైపోయిందే అని నన్ను నేనే తిట్టుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి ఆ లైను అడ్డంగా కొట్టేశాను. దొడ్లోకి పోయి, తీసేసినా లేన్నా, వచ్చి తిను అని పిలుచుకొచ్చాను. అన్న వచ్చి తిన్నాడు. అందరం తేలికపడ్డాం. అమ్మ నాకు ఇంకో రొట్టె వేసింది.

రిజిస్ట్రేషన్ ఆళ్ళగడ్డలోనే. కాగితం మీద సంతకం పడే ముందు రాసిచ్చేవాళ్ళకు అంతా గట్టిగా చదివి వినిపించడం మా పద్ధతి. ఆఫీసు వరండాలో నిలబడి చదివాను. "నా రాజీఖుషీతో, నీయందు గల ప్రేమాభిమానములతో" అని మొదలై, నాలుగు దిక్కులా ఎవరి గోడ ఎవరిదో చెప్పే చెక్కుబందీ దాకా. అమ్మ కొంగు కప్పుకుని తల ఒక పక్కకు వంచి విన్నది. అయిపోయింది మా, సంతకం పెట్టు అన్నాను.

అమ్మ పెన్ను తీసుకోలేదు. "నా సంగతి యాడ రాసినావప్పా?" అంది మెల్లగా.

"నీ సంగతేంది మా?"

"అదేరా. అందరికీ రాస్తావే."

అన్న నాలుగడుగుల దూరంలో సాక్షులతో మాట్లాడుతున్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. పసిపిల్ల ఏదో అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"నీ ఇంట్లో నువ్వుండేకి కాగితం ఏంటికి మా? అది పరాయోళ్ళకు రాసేది."

అమ్మ అన్న వైపు చూసింది, నా వైపు చూసింది. పెన్ను తీసుకుని తన పూర్తి పేరు, ఒక్కో అక్షరం నిలబెట్టి నిలబెట్టి రాసింది. లోపల ఆఫీసరు, ఇష్టంతోనే రాసిస్తున్నారా అమ్మా అని అడిగితే, ఇష్టంతోనే అంది. మేము బయటికొచ్చి బజారులో మైసూర్ పాక్ కొనుక్కున్నాం.

ఆ తర్వాత ఐదేళ్ళు నా మాటే నిజమైంది. అన్న బండలు పరిపించాడు, గోడలకు సున్నం కొట్టించాడు. అమ్మ ఆ ఇంట్లో ఎప్పటిలాగే ఏలింది. వదినను కేకలేసేది, వదినా మళ్ళీ కేకలేసేది, సాయంత్రానికి ఇద్దరూ ఒకే చాటలో బియ్యం ఏరుకునేవాళ్ళు. ఎవరి మీద ఎవరికీ కంప్లయింటు లేదు. అన్న మాట తప్పలేదు. చచ్చిపోయేంతవరకూ తప్పలేదు.

ఒకనాడు పొద్దున కాలువ గట్టు మీద గుండె పట్టుకుని కూర్చున్నాడట. పక్క చేనువాళ్ళు బండి కట్టేలోపల అయిపోయింది. యాభై నిండలేదు. నాయన సమాధి పక్కనే పెట్టాం. మట్టి వేసి ఇంటికి వచ్చి, అందరూ ఏడుస్తుంటే, నా బుర్రలో మాత్రం చట్టం పుస్తకం తెరుచుకుంది. అది నా వృత్తి నాకిచ్చిన రోగం.

మేము క్రైస్తవులం. మా వారసత్వానికి చట్టం వేరే. వీలునామా లేకుండా మగవాడు పోతే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. పిల్లలుంటే తల్లికి ఏమీ లేదు. మా ఎదురింటి హిందువుల ఇంట్లో ఇదే చావు జరిగి ఉంటే ఆ తల్లికి భార్యతో, పిల్లలతో సమంగా ఒక పాలు వచ్చేది. మా అమ్మకు తన తల్లి ఇచ్చిన ఇంట్లో ఒక గూడు కూడా రాదు. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది కాదు. దస్తావేజు రాసిన రోజు కూడా తెలుసు. తల్లి కంటే ముందు కొడుకు పోతాడని ఎవరు లెక్కవేస్తారు అనవచ్చు. ఇంకెవరైనా వేయకపోవచ్చు. మేము వేయాలి. జనం మా దగ్గరికి వచ్చేదే అందుకు.

ఏడాది గడిచింది. అన్న కొడుకు శ్రీశైలం ప్రాజెక్టులో పనికి కుదిరాడు. అక్కడ ఒక గది క్వార్టర్సు. కూతురు టీచరు ట్రైనింగులో ఉంది. వదినది నందికొట్కూరు, అన్నదమ్ములంతా అక్కడే. ఆళ్ళగడ్డ ఇల్లు అమ్మేసి, పుట్టింటివాళ్ళ పక్కన చిన్న ఇల్లు తీసుకోవాలనుకుంది. తప్పేముంది? మొగుడు లేని మనిషి, భూమి చేసే దిక్కు లేదు. పిల్లలిద్దరూ మేజర్లు, వాళ్ళూ ఒప్పుకున్నారు. వదిన నంద్యాల వచ్చి, నా పంచలో, అమ్మ కూర్చునే బల్ల మీదే కూర్చుని అడిగింది.

"అప్పా, నీకు తెలియంది ఏముంది. ఇంట్లో అత్తకు ఏమన్నా హక్కుందా?"

"లేదు వదినా" అన్నాను.

నిజమే చెప్పాను. అడిగినదానికి సరైన జవాబు చెప్పాను. ఉందా లేదా అన్నది కాకుండా, ఏం చేద్దాం అని అడిగి ఉంటే ఇంకో మాట చెప్పేవాణ్ణేమో అని చాలా కాలం సమాధానపడ్డాను. అదీ అబద్ధమే. వదిన మంచిది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆగు వదినా అని నేను అంటే ఆగేది. అనలేదు. ఇల్లు అన్నవాళ్ళది, నాకు దాంట్లో జోక్యం వద్దు అన్న పెద్దరికం ఒకటి నాకు అడ్డమొచ్చింది.

కొన్నది పరుపులు కుట్టించి అమ్మే ఒక సాయిబు. బజారులో పెద్ద అంగడి. బేరం కుదిరిన రోజు ఇల్లు చూడడానికి వచ్చాడు. అమ్మ దొడ్లో వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది. ఆమెను చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"రైటరన్నా, పెద్దమ్మ ఈడ్నే ఉంటానంటే ఆ ముందర గది ఉండనీ. నాకేం అడ్డం ల్యా. నేను సరుకు లోపల పెట్టుకుంటా. ఆయమ్మ ఉన్నన్నాళ్ళు ఉండనీ."

ముక్కూ మొగం తెలియని మనిషి. నా లైను, నేను కొట్టేసిన లైను, అడగకుండానే నోటితో చెప్పేశాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

"మా అమ్మకు నేను లేనా భాయ్? ఆ అవసరం లేదు" అన్నాను.

అమ్మను ఒక్క మాట అడగలేదు. ఆ మాట ఆమెకు చెప్పనూ లేదు. అడిగి ఉంటే, నాకు తెలుసు, ఉంటాననేది. ఆ గదిలో, ఆ ఉలి చప్పుడు వింటూ, నాయన సమాధికి నడిచిపోయేంత దూరంలో ఉంటాననేది. పరాయివాడి దయ మీద మా అమ్మ బతకడమేంటి అని నా పౌరుషం. నా దయ మీద బతకడం మాత్రం నాకు అడ్డం అనిపించలేదు.

అమ్మకం దస్తావేజు కూడా నేనే రాశాను. వదిన, ఇంకెవరో ఎందుకప్పా అంది. సదరు ఇల్లు, ద్వారబంధాలు, తలుపులు, దూలాలు, బండలు, దొడ్డి, దొడ్లోని రాతి రోలు సహా. చెక్కుబందీ మొదటి కాగితం చూసి అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాశాను. ఆ రోజు నా దస్తూరీ చాలా బాగా కుదిరింది.

అమ్మ ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట తీసుకుని నాతో బస్సెక్కింది. నాయన ఫోటో తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. గోడకు మేకు మిగిలింది. నంద్యాల బస్టాండులో దిగాక, "మీ ఇంటికి రిక్షా మాట్లాడల్నా, నడుస్తామా?" అంది. మీ ఇంటికి అన్న మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

మా ఇంట్లో ముందు గది ఆమెకిచ్చాం. నా భార్య మంచి మనిషి, అత్త అంటే గౌరవం. అయినా ఆ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి మా అమ్మ అడగడం మొదలుపెట్టింది. చీర ఆ తీగె మీద ఆరేసుకోవాల్నా? ఈ చెంబు తీసుకోవాల్నా? మీ పంపు కాడ రెండు బిందెలు పట్టుకుంటా? ఆళ్ళగడ్డలో నాలుగిళ్ళకు వినపడేట్టు కేకలేసిన మనిషి, నా వంటింటి గడపకు ఇవతల నిలబడి, నిప్పు ఉంటే కాసిని నీళ్ళు కాచుకుంటానని అడిగేది. నా భార్య, అత్తా, అడిగేదేముంది, నీ ఇల్లు కాదా అనేది. అమ్మ తల ఊపేది. మరుసటి రోజు మళ్ళీ అడిగేది.

నాకు చికాకేసేది. ఎవరైనా వింటే నా భార్య ఏదో ఆరళ్ళు పెడుతోందనుకుంటారు. ఒకసారి గట్టిగానే అన్నాను, ఊరికే అడగొద్దు మా, చుట్టాల మాదిరి అని. సరేప్పా అంది. ఆ రోజు నుంచి అడగడం తగ్గించింది, కావలసినవి మానుకోవడం మొదలుపెట్టింది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ట్రంకు పెట్టె విప్పి సర్దుకోలేదు. మంచం కిందే ఉంచి, ఏది కావాలన్నా వంగి మూత తెరిచి తీసుకుని మళ్ళీ మూసేది. నాయన ఫోటో అందులోనే, తువ్వాలలోనే ఉంది. పొద్దున్నే పెట్టె మూత తెరిచి, దాని ముందు కింద కూర్చుని ప్రార్థన చేసుకునేది. ముసలితనం, ఊరు మీద బెంగ, అదే పోతుందిలే అనుకున్నాను. అట్లా మూడేళ్ళు అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను కుర్చీలో కునుకు తీయబోతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చిన్నోడా, నాకొక కాగితం రాసియ్యాల నువ్వు."

"ఏం కాగితం మా? నీ పేర్న ఇప్పుడేముందని?"

"నా పేర్న ఏం లేదు. నీ ఇంటి సంగతే. ఈ గదిలో నేను సచ్చేదాకా ఉండొచ్చని రాసియ్యి. అందరికీ రాస్తావే, ఆ లైను."

నిద్ర ఎగిరిపోయింది. కోపం నషాళానికి అంటింది. వంటింట్లో నా భార్య చేతిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏందిమా నువ్వు మాట్లాడేది? మూడేండ్లు కండ్లల్లో పెట్టుకుని సూసుకుంటాంటే, నేను నిన్ను బయటికి నూకుతానా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక, అది నా మాట కాదని తెలిసింది. సిరివెళ్ల పెద్దకొడుకు మాట. మా అన్న మాట. అన్నం మీద నుంచి లేచి ఎద్దు దగ్గర నిలబడ్డ మనిషి మాట.

అమ్మకు కోపం రాలేదు. ఓర్పుగా, బడిపిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది.

"మీ అన్న కూడా నూకలేదు కదప్పా. సచ్చిపాయ. అంతే కదా."

కొంగుతో ముఖం తుడుచుకుని ఇంకా చెప్పింది. "నువ్వు నూకుతావని కాదురా. నీకేమన్నా అయితే, నీ పెండ్లాం ఏం చేస్తాది, నీ పిల్లలు ఏం చేస్తారు, వాళ్ళ పాట్లు వాళ్ళకుంటాయి. ఎవుర్నీ తప్పనేకి ల్యా. నాకు మల్లా పెట్టె మోసే శక్తి లేదు. అందుకే అడుగుతాండా."

ఆ వరండాలో అడిగినప్పుడు కూడా ఇదే అడిగింది. అన్న మీద అనుమానంతో అడిగిందనుకుని నవ్వాను. ఏళ్ళ తరబడి ఆ లైను రాస్తున్న నాకు అర్థం కాని సంగతి, బల్ల మీద కూర్చుని విన్న మా అమ్మకు అర్థమైంది. ఆ లైను చెడ్డ కొడుకుల కోసం కాదు. మంచి కొడుకులు కూడా పోతారు కాబట్టి.

లేచి సంచిలోంచి స్టాంపు కాగితం తీశాను. వేరేవాళ్ళ కోసం కొని పెట్టింది. కింద చాప మీద కూర్చుని రాశాను. రాస్తుంటే ఆమె వంగి చూస్తూ కూర్చుంది. రాసి లేవబోతే, "సదువు" అంది.

గట్టిగా చదివాను. "ఈ ఇంటియందు ముందు గదిలో మా తల్లిగారు ఆమె జీవితాంతము నివసించుటకు ఆమెకు హక్కు కలదు. ఆమె జీవితకాలములో ఈ ఇంటిని అమ్ముటకు గాని తాకట్టు పెట్టుటకు గాని నాకు గాని నా వారసులకు గాని హక్కు లేదు."

"సాక్షులు ఎవురు?" అంది.

నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, మారు మాట లేకుండా నా చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. రెండో సాక్షికి పక్కింటి ఆయన్ను పిలిచాను. రేపు ఆఫీసులో రిజిస్టరు చేయిస్తాను మా అన్నాను. చేయించాను కూడా. అమ్మ కాగితం తీసుకుని, ఇంకోసారి తనే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. మడిచి బైబిల్లో పెట్టుకుంది.

"ఇంతే కదా" అంది. అంతకంటే ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మరుసటి రోజు పొద్దున నేను గడ్డం చేసుకుంటుంటే ముందు గదిలోంచి టపటపమని చప్పుడు. వెళ్ళి చూశాను. అమ్మ ముక్కాలి పీట మీద నిలబడి, సుత్తి లేక కారం నూరే గుండ్రాయితో గోడకు మేకు కొడుతోంది. గోడ సున్నం రాలి ఆమె తల మీద, భుజాల మీద పడింది. మంచం మీద ట్రంకు పెట్టె తెరిచి ఉంది, అందులో ఏమీ లేదు. బట్టలన్నీ గూట్లో మడతలు పెట్టి ఉన్నాయి. నాయన ఫోటో తువ్వాల లేకుండా దిండుకు ఆనించి ఉంది.

నన్ను చూసి, "కొంచెం వంకర పొయినట్టుంది, సూడప్పా" అంది. మేకు కొట్టాల్నా అని మాత్రం అడగలేదు.

"లేదు మా, సరిగ్గానే ఉంది" అన్నాను. ఫోటో అందించాను. తగిలించి, దిగి, వంటింట్లోకి పోయి, నా భార్యతో చారులో ఉప్పు ఎక్కువేస్తావే నువ్వు అని కేకేసింది. నా భార్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అమ్మ ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. ఆళ్ళగడ్డకు తీసుకుపోయి నాయన, అన్నల పక్కనే పెట్టాం. సాయిబు చెప్పిన మాట చివరిదాకా ఆమెకు చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకోవడం తప్ప ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియదు. అందరూ నాతో, మీ అమ్మ చివరి రోజులు నీ ఇంట్లో హాయిగా గడిచాయి, అదృష్టవంతుడివి అంటారు. అవునంటాను. మా అమ్మ నా ఇంట్లో ఉన్నది ఎనిమిది నెలలు. అంతకు ముందు మూడేళ్ళు చుట్టంగా ఉంది.